ఏ తలుపుకని అడగని మనిషి

తాళంచెవులు కోసే కొట్టు ఆ వీధిలో ఒక్కటే. మేడమెట్ల కింద మిగిలిపోయిన జాగా అది. ముందువైపు మనిషి నిలబడొచ్చు. లోపలికి పోయేకొద్దీ కప్పు మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. చిట్టచివర ఒక రేకు డబ్బాకు తప్ప దేనికీ చోటుండదు. గోడ నిండా మేకులు. వాటికి పళ్ళు కోయని తాళంచెవులు గుత్తులుగా వేలాడుతుంటాయి. లారీ వెళితే అన్నీ ఒక్కసారి కదిలి, కాసేపు గలగలమని, ఊరుకుంటాయి.

కొట్టు యజమాని మాత్రం ఊరుకోడు. తాళంచెవి కోస్తూ కోస్తూ వీధిలోకి వస్తాడు. వచ్చిన పనేమిటో మరిచిపోయి లోపలికి పోతాడు. సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దుతాడు. స్టూలు ఒకటి ఉంది గాని దాని మీద ఎప్పుడూ ఆకురాళ్ళే కూర్చుంటాయి. కాలుకాలిన పిల్లి అని ఎవరో ఒకప్పుడు అన్నారు. వాడుకలో ముందు మాట అరిగిపోయి పిల్లి మిగిలింది. తల నెరిశాక దానికి కాస్త మర్యాద తగిలించి పిల్లి బాబాయ్ అంటున్నారు. ఆయన పలుకుతాడు.

పని నేర్పింది మేనమామ. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పనితో పాటు రెండు సంగతులు చెప్పాడు. చెవి తెచ్చినవాళ్ళని అది ఏ తలుపుకని అడగకు. తాళం పోయిందని ఇంటికి పిలిస్తే తాళం తియ్యి, తలుపు తొయ్యకు. తలుపు తోసేది ఇంటివాళ్ళు. అప్పటికి నువ్వు వీధి వైపు తిరిగి ఉండాలి. ఎందుకు మావయ్యా అంటే, "చెప్పింది చెయ్యరా" అన్నాడు. ఎందుకో చెప్పకుండానే పోయాడు.

మేనల్లుడు చెప్పింది చేశాడు. ఎన్నో తలుపులు తెరుచుకోవడం వీపుతో విన్నాడు. కొన్నిటి వెనక నవ్వులు, కొన్నిటి వెనక తిట్లు, ఒకసారి ఏ చప్పుడూ లేదు. కోసిన చెవి చేతిలో పెట్టేవాడు, బల్ల మీది ఇత్తడి రజను ఊదేవాడు, ఆ చెవిని మరిచిపోయేవాడు. అంత కుదురులేని మనిషిలో కుదురుగా ఉన్నది ఆ మరుపొక్కటే.

సబ్సిడీ సంగతి మొదట విన్నది ఆయన భార్య. చిన్న కొట్లవాళ్ళు కంప్యూటరూ సాఫ్ట్‌వేరూ కొనుక్కుంటే సగం ఖరీదు సర్కారు భరిస్తుందట. ఆ సగం అమ్మినవాళ్ళకే నేరుగా కడుతుందట. కాకపోతే ఒక ఆఫీసరు వచ్చి, వీళ్ళు దాన్ని నిజంగా వాడుతున్నారని చూసి సంతకం పెట్టాలి. వాడడం ఎలాగో నేర్పే క్లాసులు ఉచితం.

మొదటి రోజు క్లాసుకి ఇద్దరూ వెళ్ళారు.

"కూర్చోండి సార్," అన్నాడు నేర్పే కుర్రాడు.

"పర్లేదు, నిలబడే వింటా. మీరు చెప్పండి."

"ఇది కూర్చుని నేర్చుకునేదండీ."

"కూర్చుంటే నాకు నిద్రొస్తుంది బాబూ."

ఆయన బెంచీల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. రెండు రౌండ్లు ఓర్చుకుని భార్య అంది, "మీరెళ్ళి కొట్టు తియ్యండి. మీ చెప్పుల చప్పుడుకి అందరికీ పాఠం పోతోంది."

ఆయన వెళ్ళాడు. ఆమె ఉండిపోయింది. ఎప్పుడో బళ్ళో బాగా చదివిందట. ఆ చదువుతో ఏం చెయ్యాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. క్లాసులయ్యాక వంటింట్లో కూడా ఆమె వేళ్ళు గట్టు మీద టకటకలాడుతుండేవి.

"ఇప్పుడు ఈ ఇంట్లో పిల్లులు రెండు," అన్నాడు ఆయన.

"నాకు కాళ్ళు కాలలేదు. వేళ్ళే," అంది.

కొత్త మిషను వచ్చింది. చెవిని పెడితే పళ్ళ లోతులు అదే చూసుకుని అంకెలుగా గుర్తుంచుకుంటుంది. ఆ అంకెలుంటే చాలు, పాత చెవి లేకపోయినా, తాళం చూడకపోయినా, అచ్చంగా అలాంటిదే కోస్తుంది. పక్కనే కంప్యూటరు, దాని ముందు ఒక కుర్చీ. కుర్చీ ఆమెది. తెర మీద గడులు: పేరు, ఫోను, అంకెలు, ఏ తలుపు. చివరి గడి ఎర్రగా ఉంటుంది. గడులన్నీ నింపిన చెవులే ఆఫీసరు లెక్కలోకి వస్తాయి.

ఆయనకు మిషను తెగ నచ్చింది. బోర్డు రాసేవాణ్ణి పిలిచి కొత్త బోర్డు రాయించాడు. 'తాళంచెవి పోయిందా? మీ పేరు చెప్పండి చాలు.' దాన్ని రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచేవాడు.

కాని ఆమె నోరు తెరిచి ఏ తలుపుకండీ అని అడిగే ప్రతిసారీ ఆయన్ని కాళ్ళు వీధిలోకి లాక్కుపోయేవి. సిగ్గులాంటిదేదో. ఎవరింటి పెరట్లోకో తొంగిచూస్తూ దొరికిపోయినట్టు.

"ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడేంటి పిన్నీ?" అన్నారు కొందరు.

"నేనెక్కడ అడుగుతున్నా, సర్కారు అడుగుతోంది."

"మా అత్తగారి నోటికని రాసుకో. పనిచేస్తే నలుగురికి చెబుతా," అంది పువ్వుల కొట్టామె. ఆమెది బీరువా చెవి. ఆమె నవ్వింది, ఈమె నవ్వి రాసుకుంది.

ఒక మధ్యాహ్నం వీధి చివరి పిల్లల క్లినిక్‌లో పనిచేసే నర్సు వచ్చింది. గుప్పిట్లో ఒక చెవి.

"ఏ తలుపుకమ్మా?"

నర్సు బాబాయ్ వైపు చూసింది. ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు.

"రాయక తప్పదా పిన్నీ?"

"సర్కారు వాళ్ళ కోసమమ్మా. మనకేం."

"నా గదికి," అంది నర్సు. గొంతు తగ్గించి, ఏ సందు, ఎన్నో ఇల్లు, ఏ అంతస్తు, చెప్పింది. బాబాయ్ భార్య టైపు చేసింది. మిషను కోసింది. కొట్టు పేరుతో చిన్న బిల్లు బయటికొచ్చింది. ఇదివరకు ఈ కొట్లో బిల్లులు లేవు. నర్సు దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది.

ఆ బిల్లు పట్టుకుని కొన్నాళ్ళకు ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. బోర్డు చదివాడు, బాగుందన్నాడు.

"క్లినిక్‌లో నర్సు ఉంది కదండీ, మా ఆవిడ. గది తాళంచెవి పారేసుకుంది. మీ దగ్గర ఇంకోటి కోయించుకు రమ్మంది."

పేరు చెప్పాడు. బాబాయ్ భార్య ఉత్సాహంగా వెతికింది. పోయిన చెవి కోసం పేరు చెప్పి వచ్చిన మొదటి మనిషి.

"దొరికింది! కోసెయ్యనా?"

"కొయ్యండి. అలాగే ఆ అడ్రసు కూడా కాగితం మీద రాసివ్వండి. నాకా సందులు తెలీవు."

కొట్టుకూ వీధికీ మధ్య తిరుగుతున్న బాబాయ్ కాళ్ళు ఆగిపోయాయి. ఆ గదెక్కడో మొగుడికి తెలీదు. తెలీదంటే నర్సు చెప్పలేదు. ఆయన వంగి గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది.

"ఏమైందండీ?" అంది భార్య.

"కరెంటు పోయింది."

అతను పక్క కొట్టు వైపు చూశాడు. "అక్కడ ఫ్యాను తిరుగుతోందే."

"వాళ్ళది వేరే లైను."

"అలాగా," అన్నాడు అతను. "అయితే ఆగుతాలెండి." స్టూలు మీది ఆకురాళ్ళను ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చి దాని మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కాలు కూడా ఊపలేదు. బాబాయ్ అతని చుట్టూ తిరిగాడు. గుత్తులు తీశాడు, తగిలించాడు, మళ్ళీ తీశాడు. అంత కదలకుండా కూర్చోగల మనిషిని ఆ కొట్లో ఎవరూ చూడలేదు.

"పేరు చెబితే చాలని మీరే రాశారు," అన్నాడు అతను చాలాసేపటికి. "చెప్పాను కదా."

"కరెంటుకి బోర్డు చదవడం రాదు బాబూ," అన్నాడు బాబాయ్.

అతను నవ్వి లేచాడు. "సాయంత్రం వస్తా."

అతను మలుపు తిరిగేదాకా చూసి భార్యే ప్లగ్గు పెట్టింది. తెర మీద నర్సు ఫోను నంబరు ఉంది. అది ఉండబట్టే ఫోను చెయ్యగలిగింది.

"అమ్మా, నేను తాళాల కొట్టు పిన్నిని. మీ ఆయన వచ్చాడు. గది చెవి కావాలంటాడు, అడ్రసు అడిగాడు."

"ఇచ్చారా?" అంది నర్సు.

"లేదు."

"ఇవ్వకండి పిన్నీ." ఫోను పెట్టేసింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఆమెదొక్కటీ తీసేస్తే సరిపోదూ?" అంది భార్య.

"రేపింకొకడు ఇంకో పేరు చెప్పుకుంటూ వస్తాడు. కరెంటు ఎన్నిసార్లు పోతుంది?"

"ఆఫీసరు ఈ వారమే వస్తాడు."

"తెలుసు."

"గడులు ఖాళీగా ఉంటే సబ్సిడీ రాదు. మనం కట్టుకోలేకపోతే మిషను పట్టుకుపోతారు. కంప్యూటరూ పట్టుకుపోతారు."

"తెలుసు."

"ఇవన్నీ నేను ఎక్కించినవి," అంది. "ఒక్కొక్కటీ."

ఆమె పక్కకు జరిగింది. ఆయన వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కొట్టు పెట్టిన తర్వాత కూర్చోవడం అదే మొదలు. మోకాళ్ళు బల్లకు కొట్టుకున్నాయి. చూపుడువేలు ఒకటి గాల్లోకి లేపి, ఏ మీట నొక్కాలో తెలీక, అలాగే ఉంచాడు.

ఆమె కొంతసేపు చూసింది.

"మీకు చేతకాదు. లేవండి."

ఆయన లేచాడు. ఆమె కూర్చుంది. పేర్లు తీసేసింది, ఫోన్లు తీసేసింది, అంకెలు తీసేసింది, తలుపులు తీసేసింది. పువ్వుల కొట్టామె గడి దగ్గర ఒక్క క్షణం ఆగి అదీ తీసేసింది. ఆయన బయటికెళ్ళి సున్నం బ్రష్షుతో బోర్డు మీది అక్షరాలు కొట్టేశాడు.

సాయంత్రం అతను వచ్చాడు. ఆమె తెరను అతని వైపు తిప్పింది.

"అన్నీ పోయాయి బాబూ. కొత్త మిషను, మా చేతకానితనం."

అతను ఖాళీ గడులు చూశాడు. తెల్లగా కారుతున్న బోర్డు చూశాడు. గోడ మీంచి ఒక గుత్తి తీసి, అరచేతిలో బరువు చూసి, వేరే మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఆఫీసరు మంచివాడే. చెమట తుడుచుకుంటూ వచ్చాడు, మంచినీళ్ళడిగాడు. ఆమె చెవుల సరుకెంతుందో చూపించింది, ఏ రకం ఎంత పోతోందో చూపించింది, పేరు లేని బిల్లు కొట్టి చూపించింది. అతను తలూపుతూ వచ్చి ఎర్ర గడుల దగ్గర ఆగాడు.

"ఇవి ఖాళీ ఏంటమ్మా?"

"నిండుగానే ఉండేవండీ. తీసేశాం."

"ఎందుకు?"

వీధిలోంచి బాబాయ్ చెప్పాడు. "జనం తలుపులు మా దగ్గర ఉండకూడదండి."

"అది మీ డేటా కదండీ."

"మాది కాదండి. అదే చెబుతున్నా."

ఆఫీసరు తన ఫోను తీసి చూపించాడు. ఆ గడికి ఎదురుగా అవును అని నొక్కితేనే తర్వాతి పేజీ వస్తుంది. "నేను మిమ్మల్ని నమ్ముతాను. ఇది నమ్మదు," అన్నాడు. కాదు అని నొక్కి, మంచినీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

సర్కారు సగం రాలేదు. అమ్మినవాళ్ళతో మాట్లాడి వాయిదాలకు ఒప్పించింది భార్యే. లెక్కలు ఆమె కంప్యూటర్లోనే ఉంచింది, తలుపులు లేకుండా. ఆయన సంచీ భుజాన వేసుకుని, ఇదివరకు వెళ్ళని వీధులకు కూడా తాళాలు తియ్యడానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. తీసి, వీధి వైపు తిరిగి నిలబడేవాడు.

నర్సు క్లినిక్‌కి రావడం లేదు. ఆయన రోజూ ఏదో పని కల్పించుకుని వీధి చివరిదాకా పోయేవాడు. క్లినిక్ అద్దంలోంచి చూసేవాడు. పసిపిల్లలు, తల్లులు, వేరే ఎవరో నర్సు. తిరిగి వచ్చేవాడు. మళ్ళీ పోయేవాడు.

"లోపలికెళ్ళి అడగరాదూ?" అంది భార్య.

"ఏమని?"

ఆమెకూ తోచలేదు. నంబరు కూడా తనే తీసేసింది. ఒకటి రెండుసార్లు ఖాళీ గడిలో గుర్తున్న అంకెలు కొట్టి చూసింది. చివరివి గుర్తు రాలేదు. చెరిపేసింది.

వాన పడేలా ఉన్న ఒక పొద్దున, ఆయన రేకు డబ్బాలు సర్దుతుంటే, బల్ల మీద చెవి పెట్టిన చప్పుడైంది. తిరిగి చూస్తే నర్సు. మనిషి చిక్కింది. చెప్పులకు వేరే ఏదో దారి మట్టి అంటుకుని ఉంది. బల్ల మీద ఉన్నది ఆనాటి చెవి కాదు. పొడుగ్గా, వేరే రకం, కొత్తది.

భార్య తెర మీంచి తలెత్తలేదు. ఆమె వేళ్ళు మీటల మీద కదలకుండా ఉన్నాయి.

ఆయన చెవిని వెలుతురుకు పట్టి చూశాడు. గోడ మీంచి దానికి సరిపోయేది వెతికి తీశాడు. రెండూ మిషన్లో బిగించాడు.

"బాబాయ్, ఇది..." అని నర్సు చెప్పబోయింది.

ఆయన మిషను ఆన్ చేశాడు. ఇత్తడి కోస్తున్న చప్పుడు కొట్టంతా నిండింది. ఆమె పెదాలు కదిలాయి. ఏమందో ఆయనకు వినపడలేదు.