మేకు మీద లేని కడియం

నా చిన్నప్పుడు మా ఇంటి ముందుగదికి తలుపు ఉండేది కాదు, గోనెపట్టా పరదా ఉండేది. ఎందుకంటే ఆ తలుపు మీద రైలు నడిచేది. మా తాతయ్య దాన్ని ఊడదీసి, రెండు పాత బల్లల మీద పరిచి, పైన పట్టాలు వేశారు. నాందేడ్‌లో మా గల్లీ మొత్తానికి రైలు కోసం ఇంటి తలుపు తీసేసిన మనిషి ఆయనొక్కరే. మా అమ్మ కొన్నాళ్లు గొణిగింది. తరువాత పరదాకు అంచు కుట్టింది.

తాతయ్య మీటర్ గేజి లైనులో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. బొంబాయి నుంచి చుట్టాలు ఒక బొమ్మ ఇంజను, రెండు రైలు డబ్బాలు, కొన్ని పట్టాలు తెచ్చి ఇచ్చారు. మిగిలినవన్నీ ఇంట్లోనే తయారయ్యాయి. చెప్పుల డబ్బా అట్టలతో స్టేషన్లు, ఎండిన బీరకాయ పీచుకు ఆకుపచ్చ రంగు అద్ది చెట్లు, టార్చిలైటు బల్బులతో సిగ్నళ్లు. కరెంటును తగ్గించి పట్టాలకు పంపే పెట్టెను బజారులోని రేడియో మిస్త్రీ చేసి ఇచ్చాడు. దాన్ని తలుపు కింద బిగించారు. వైర్లన్నీ కిందే. ఎర్రవి ఒక పక్కన, నల్లవి ఒక పక్కన, జడ అల్లినట్టు ఉండేవి.

ఆ జడ అల్లింది తాతయ్య కాదు, కిన్వట్ తాత. ఆయన మాకు చుట్టం కాదు. ప్రతి ఆదివారం కిన్వట్ నుంచి పాసింజరులో వచ్చి దిగి, చంకకర్రతో టకటకమంటూ మా ఇంటికి వచ్చేవాడు. ఎడమకాలు మోకాలి దాకానే ఉండేది. ఆయన వస్తే తాతయ్య తన కుర్చీ ఖాళీ చేసి తాను నేల మీద కూర్చునేవారు, చాయ్ కూడా తానే తెచ్చి ఇచ్చేవారు. ఇంకెవరికీ తాతయ్య చాయ్ తెచ్చి ఇవ్వగా నేను చూడలేదు. కాలు ఏమయిందని అడిగితే కిన్వట్ తాత ఒక్కో వారం ఒక్కో మాట చెప్పేవాడు. అడవిలో పులి ఎత్తుకపోయిందని ఒకసారి, కాలికే భక్తి పుట్టి మాహూర్ యాత్రకు పోయి తిరిగి రాలేదని ఒకసారి. నేను నవ్వేదాన్ని. తాతయ్య మాత్రం నవ్వేవారు కాదు.

మా రైలుకు మూడు స్టేషన్లు. ఒకదానికి తాతయ్య నాందేడ్ అని పేరు రాశారు, ఒకదానికి కిన్వట్ తాత తన ఊరి పేరు పెట్టుకున్నాడు. మూడో బోర్డు నాకోసం ఖాళీగా ఉంచారు. నేను కుండల్‌వాడి అన్నాను. అది మా అమ్మ పుట్టిన ఊరు. బస్సులో దుమ్ము తింటూ పోవాలి తప్ప అక్కడికి రైలు లేదు. లైను లేని ఊరికి స్టేషన్ ఎట్లా పెడతావని తాతయ్య అడిగితే, పట్టాలు ఏసేది మనమే కదా, పోనియ్యి అని కిన్వట్ తాత నా పక్షం వహించాడు. మొదటి రైలు నేను తప్పు లేకుండా నడిపితే ఆ పేరు రాసుకోవచ్చని చివరికి ఒప్పందం కుదిరింది.

తప్పు లేకుండా అంటే కడియం. అసలు రైళ్లలో ఒంటి లైను మీద డ్రైవరుకు ఒక పెద్ద బెత్తపు రింగు ఇచ్చేవారు, దానికి తోలుసంచి, సంచిలో ఇనుప గుండు. అది ఎవరి చేతిలో ఉంటే లైను వాళ్లది. అది తిరిగి వచ్చేదాకా ఇంకో బండి కదలకూడదు. మా ఇంట్లో ఆ గుండుకు బదులు ఒక ఇత్తడి కడియం ఉండేది. స్విచ్ పక్కన గోడకు మేకు, మేకుకు కడియం. తలుపు కిందికి దూరే మనిషి దాన్ని చేతికి వేసుకుని పోవాలి. కడియం మళ్లీ మేకు మీదికి వచ్చేదాకా స్విచ్ ముట్టకూడదు. నేను ఆ స్విచ్‌కు మాస్టర్ని. అప్పుడు నాకు పదేళ్లు.

రైలు నడపవలసిన ఆదివారం పక్కింటి అక్క చూడటానికి వచ్చింది. నాకంటే నాలుగేళ్లు పెద్దది, మరాఠీ బడిలో మొదటి నంబరు. కిన్వట్ తాత తలుపు కింద పడుకుని ఏదో వదులైన వైరు బిగిస్తున్నాడు. బయటికి చంకకర్ర, ఒక పాదం మాత్రమే కనిపిస్తున్నాయి. తాతయ్య ఆయనకోసం చాయ్ తేవడానికి వంటింట్లోకి పోయారు. అక్క కాసేపు చూసి, మీ బండి నడుస్తదా లేక మీ తలుపులాగానే పడుకుని ఉంటదా అని మరాఠీలో అడిగింది. నా చెవులు కాలిపోయాయి. నేను స్విచ్ వేశాను.

రైలు కదల్లేదు. అక్క కిసుక్కున నవ్వింది. నేను ఆపి మళ్లీ వేశాను. అప్పుడు కింది నుంచి కిన్వట్ తాత గొంతు నెమ్మదిగా వినిపించింది.

"పెట్టె తెరిచి ఉన్నది. నా చేతుల రెండు వైర్లు ఉన్నయి. ఎవలు ఏసిండ్రు స్విచ్చి?"

వెనుక గ్లాసు పడిన చప్పుడైంది. తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. చాయ్ ఆయన పాదాల మీద పొగలు కక్కుతోంది, ఆయనకు తెలియడం లేదు. ఆయన కుడిచేయి చొక్కా జేబును గట్టిగా పట్టుకుని ఉంది. అట్లాగే గోడకు జారి కూర్చుండిపోయారు. తరువాత జేబులోంచి తీసి చూపించారు, తెల్లటి పింగాణీ ఫ్యూజు. కిన్వట్ తాత కిందికి పోయిన ప్రతిసారీ మీటరు దగ్గరి ఫ్యూజు తీసి జేబులో వేసుకునేవారట. ఎవరికీ చెప్పలేదు. ఫ్యూజు తన జేబులోనే ఉందని తెలిసిన మనిషి అట్లా ఎందుకు కూలబడ్డాడో నాకు అర్థం కాలేదు.

కిన్వట్ తాత పాకుతూ బయటికి వచ్చాడు. కడియం ఆయన ముంజేతికి ఉంది. తాతయ్యను చూశాడు, నన్ను చూశాడు.

"ఏం మాస్టర్, మొదలు నువ్వు, ఇప్పుడు నీ మన్మరాలు. మీ ఇంటోళ్లకు నేనొక్కన్నే దొరుకుతనా? ఇంకొక్కటే కాలున్నది, దాన్నన్న ఇడిసిపెట్టుండ్రి."

అన్నాక, అనకూడనిది అన్నానని తెలిసినట్టు తల దించుకున్నాడు. పులి లేదు, మాహూర్ లేదు. నేను తాతయ్య ముఖం చూశాను. ఆయన కాదనలేదు.

తరువాత తాతయ్యే ఆగి ఆగి చెప్పారు. కిన్వట్ తాత అప్పుడు రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. లైను బాగుచేయడానికి ట్రాలీ మీద పోయాడు, గుండు ఆయన దగ్గరే ఉంది. బండి ఆలస్యమైంది, బండిలో ఎవరో పెద్ద ఆఫీసరు ఉన్నాడు, మాటిమాటికీ అడుగుతున్నాడు. ఈపాటికి ట్రాలీ పట్టాల మీది నుంచి తీసేసి ఉంటారులే అనుకుని తాతయ్య గుండుకు బదులు చీటీ రాసి బండిని వదిలారు. ట్రాలీ ఇంకా పట్టాల మీదే ఉంది. అంతే. మా ఇంట్లో అందరికంటే జాగ్రత్త గల మనిషి అని నేను అనుకున్న మనిషి.

నన్ను కొడతారనుకున్నాను. ఆయన కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టారు. ఎన్ని గంటలకు, ఎవరు, ఏం చేశారు, రాయమన్నారు. ఇన్ని గంటలకు నేను స్విచ్ వేశాను, మేకు మీద కడియం లేకపోవడం చూడలేదు అని రాశాను. ఆయన చదివి కాగితం నా వైపే తిప్పారు.

"సూడలేదా బిడ్డా?"

గోడ మీద ఆ మేకు నా కళ్ల ఎదుటే ఉంది. ఖాళీ మేకు. స్విచ్ మీద చేయి వేసినప్పుడు కూడా అట్లాగే ఉంది. నేను చూశాను. చూసే వేశాను. ఆ మాట నోటితో చెప్పలేక ఏడ్చాను. తాతయ్య ఓదార్చలేదు. రబ్బరు అడిగితే ఇవ్వలేదు. రైల్వే రిజిస్టరులో తుడపకూడదట. ఒకే ఒక గీతతో కొట్టేయాలి, కింద ఉన్నది చదవడానికి రావాలి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. ఆ ప్రమాదం తరువాత తానూ అట్లాగే రాశానని, మొదట 'గుర్తులేదు' అని రాసి కొట్టేశానని చెప్పారు. నేను 'చూశాను' అని రాసి సంతకం పెట్టాను. నా జీవితంలో మొదటి సంతకం అది.

కిన్వట్ తాత ఆ కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత రంగు కుంచె తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు ఇంక హక్కు లేదన్నాను. "నిజం రాసిన చేత్తోనే ఊరి పేరు రాయి" అన్నాడు. కుంచె ముంచి రాశాను. మా కుండల్‌వాడి అక్షరాలు వంకరగానే ఉండిపోయాయి. తలుపు మళ్లీ గుమ్మానికి ఎక్కేదాకా రైలు ఆ వంకర బోర్డు దగ్గర ఆగుతూనే ఉంది.

ఇన్నేళ్లూ బల్బు మార్చాలన్నా ఫ్యూజు తీసి కొంగున కట్టుకునేదాన్ని. మా ఆయన నవ్వుతారు. అంత భయమైతే ఎట్లా అంటారు.

ఈ రోజు పొద్దున కొబ్బరి పచ్చడికి మిక్సీ మూత తీసి, ఉప్పు కోసం వెనక్కి తిరిగాను. అటు చూస్తూనే అలవాటుకొద్దీ చేయి చాపి స్విచ్ వేశాను. ఏమీ తిరగలేదు. ఇటు తిరిగితే మా నాలుగేళ్ల పాప స్టూలెక్కి గిన్నెలో వేళ్లు పెట్టి కొబ్బరి తీసుకుంటోంది. కరెంటు పోయింది, అంతే. పాపను ఎత్తుకుని ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాను. దాని వేళ్లు ఎన్నిసార్లు లెక్కపెట్టానో తెలియదు. పది నిమిషాల తరువాత ఎవరూ లేని వంటింట్లో మిక్సీ తనంతట తానే గిర్రున తిరిగింది.

ఆ రోజు తాతయ్య జేబులో ఫ్యూజు ఉంది. ఈ రోజు నా కొంగున ఏమీ లేదు.

మా ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ కాగితం రేపు పొద్దున ఆయనకు ఇస్తాను. మొదట 'పాప వచ్చింది నాకు తెలియదు' అని రాశాను. ఒక గీతతో కొట్టేశాను, చదవడానికి వస్తుంది. పక్కన రాసి సంతకం చేశాను: స్టూలు జరిగిన చప్పుడు విన్నాను.