మా అన్నయ్య పెట్టిన దిష్టిచుక్క

మా ఇళ్ళల్లో పసిబిడ్డకు మొదటి దిష్టిచుక్క పెట్టేది తాతే. అడవులదీవిలో పడవ మీద బతికే మా అన్నయ్య మాత్రం మనవరాలు పుట్టి ఇరవై రోజులైనా పిల్లను ముట్టుకోలేదు. గుమ్మం అవతల నుంచే చూసి పోయేవాడు.

తెనాలి నుంచి వెళ్ళిన నేను ఊరుకుంటానా? "ఏంటన్నయ్యా ఈ వేషాలు?" అని మీద పడ్డాను.

అంతకు నెల ముందే అతని ఎడమ కంట్లో క్యాన్సర్ గడ్డ బయటపడింది. రేడియేషన్ ఇస్తూ, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

"జన్యువుల పరీక్షంటమ్మాయ్. జన్యువులంటే వంశంలో దిగేవేగా? ఈ చేత్తో ఆ పిల్లకి కాటుక పెట్టమంటావా?"

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. రిపోర్టు వచ్చే రోజున రేపల్లెలో రైలెక్కించి, నేనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "మీ రక్తం కూడా చూశామండి, అందులో ఏ తేడా లేదు. తేడా ఆ గడ్డలోనే పుట్టింది. మీ నుంచి పిల్లలకి వచ్చేది కాదు. కాకపోతే, కణాల్ని అదుపులో ఉంచే జన్యువొకటి ఆ గడ్డలో పనిచేయడం మానేసింది. అలాంటి గడ్డ కణాలు రక్తంలో పడి కాలేయానికి పాకే అవకాశం ఎక్కువండి. ఇప్పటికైతే కాలేయం బాగుంది. కొన్ని నెలలకోసారి స్కానింగ్ తప్పదు."

కాలేయం సంగతి నేను అడగబోయాను. అన్నయ్య మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అయితే పాపకి రాదుగా, డాక్టరమ్మా?"

"రాదండి."

"ఇంకొక్కసారి చెప్పండమ్మా."

తిరుగు రైల్లో అన్నయ్య ఇడ్లీలు కొనుక్కుని తృప్తిగా తింటుంటే నేను ఆగలేకపోయాను. "ఆవిడ చెప్పింది విన్నావా అసలు? కాలేయానికి పోతుందంట!"

"విన్నానమ్మాయ్. అది నాదేగా," అన్నాడు.

ఇంటికి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని, కాటుక వేలికి అద్దుకుని పిల్ల మీదికి వంగాడు. ఎడమ కన్ను సరిగా ఆనదు కదా, చెంపకని పెట్టిన చుక్క వెళ్ళి ముక్కు మీద పడింది. వదిన తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"సరిగ్గా పడిందా అమ్మాయ్?" అని అడిగాడు.

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యలో తప్పు పట్టకుండా ఒక్క రోజైనా ఉన్నదాన్ని కాదు.

"సరిగ్గానే పడిందన్నయ్యా," అన్నాను.