చుక్క పొడిస్తేనే ముద్ద: అమ్మతో నార్వేలో క్యాంపర్ వ్యాన్ ప్రయాణం

నార్వేలో క్యాంపర్ వ్యాన్ వేసుకుని తిరుగుదామన్నది నేను. కార్తీకమాసంలోనే వెళ్దామని పట్టుబట్టింది అమ్మ. పగలంతా ఉపవాసముండి, చుక్క కనిపించాకే అన్నం తినే నక్తాలంటే ఆవిడకి ప్రాణం. ఢిల్లీ మునిర్కాలో మా అద్దెగది మేడ మీద నిలబడితే ఆ నెలలో పొగ తప్ప ఏం కనపడి చస్తుంది? గడియారం చూసి తినేసి, "చుక్క చూడకుండా తింటే అది నక్తమెలా అవుతుందే?" అని రోజూ గొణిగేది. నార్వే ఉత్తరాన రెండింటికే పొద్దు గూకుతుందని చెప్పానో లేదో, "అచ్ఛా! అయితే టికెట్లు తీసెయ్" అంది. ఒక్క సోమవారమైనా నిజంగా చుక్కని చూసి తినాలి, అదీ ఆవిడ కోరిక.

ఢిల్లీ నుంచి ఓస్లో మీదుగా ట్రోమ్సో చేరాం. వ్యాన్ అద్దె రోజుకి దాదాపు పదమూడు వేల రూపాయలు. మంచు టైర్లు, హీటరు, పొయ్యి, మంచం అన్నీ అందులోనే. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్ళాను. రోడ్డుకి ఓ పక్క సముద్రం, ఓ పక్క మంచుకొండలు, వెనక అమ్మ పెట్టిన పోపు వాసన! చేతిలో స్టీరింగు లేకపోతే ఎగిరి గంతేసేదాన్ని.

సోమవారం మూడున్నరకే చీకటి పడింది. అన్నం, పప్పు వండి మూతపెట్టి అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. ఆకాశమంతా మబ్బు. ఆవిడకి షుగరు, పొద్దున తాగిన పాలే. "తినెయ్ అమ్మా, టైమ్ అయిపోయింది" అంటే, "ఇంత దూరం గడియారం చూడ్డానికొచ్చానా?" అని కసిరింది. నాకు కోపం, భయం రెండూ వచ్చాయి.

డీజిలుకి ఆగి, ఆకాశం ఎక్కడ తేటగా ఉంటుందని బంకులో పనిచేసే ఆవిడని అడిగాను. "నార్తర్న్ లైట్స్ కోసమా?" అంది. "కాదండీ, మా అమ్మకి ఒక్క నక్షత్రం చాలు" అన్నాను. ఆవిడ నవ్వి, "తీరంలో ఇవాళ మబ్బు వదలదు. ఇ8 రోడ్డు పట్టుకుని షీబొట్న్ వైపు లోపలికి వెళ్ళండి" అంది. రెండు గంటల దారి. అక్కడా కనపడకపోతే తినేస్తానని అమ్మ చేత ఒట్టేయించుకుని బయల్దేరాను.

షీబొట్న్ దగ్గర రోడ్డుపక్కన నాలుగైదు కార్లు ఆగున్నాయి. జనం కేకలు! దిగి చూస్తే పల్చటి మబ్బు వెనక ఆకాశం నిండా పచ్చటి వెలుగు, గాలికి చీర ఆరేసినట్టు కదులుతోంది. "అమ్మా, అమ్మా, చూడవే!" అని అరిచాను. అమ్మ నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి చూసి, "బాగానే ఉంది గానీ, ఇది కాస్త పక్కకి జరిగితే బావుణ్ణు. చుక్కేదే?" అంది. పగలబడి నవ్వాను. పక్కనున్న పెద్దాయన సంగతేమిటని అడిగితే చెప్పాను. ఆయన కూడా కెమెరా వదిలేసి మాతోపాటు వెతకడం మొదలెట్టాడు. చివరికి కొండ మీద మబ్బు చీలింది, ఆయనే "అదిగో!" అని చూపించాడు.

అమ్మ దణ్ణం పెట్టుకుని, వ్యాన్ మెట్టు మీద కూర్చుని, ఆ చలిలో కడుపునిండా తింది. చెయ్యి కడుక్కుని, "ఇప్పుడు చూపించు ఆ పచ్చదేదో, తీరిగ్గా చూద్దాం" అంది. అప్పటికది కాస్తా మాయమైపోయింది! నా ప్రాణం ఉసూరుమంది. అమ్మ మాత్రం, "పోతే పోనీవే, నా చుక్క అక్కడే ఉందిగా" అంది.

ఎవరు ఏం చూడ్డానికి వస్తారో మనమెలా చెప్పగలం? అంత సంతోషంగా అమ్మని నేనెప్పుడూ చూడలేదు. మీరూ వెళ్తుంటే ఒక్క మాట: రాత్రి బస ముందే ఖాయం చేసుకోకండి. మబ్బులేని చోటికి పోవడానికే కదా వ్యాను!