నిండుగా దొరికిన ఆనపబుర్ర

సస్పెన్స్ నవలలు రాసి బతికాననడం కంటే, పోస్టాఫీసు జీతంతో బతుకుతూ సస్పెన్స్ నవలలు రాశాననడం నిజం. డెబ్బైల్లో అరకులోయలో నేను గుమస్తాని. తపాలా సంచి వచ్చేలోపు చిత్తుకాగితాల మీద వారపత్రికకు సీరియల్ రాసేవాణ్ని. గోరంతను కొండంత చేయడం నా విద్య. ఆ గోరంత కోసం సంతలోనూ టీకొట్టు దగ్గరా చెవులు రిక్కించుకుని తిరిగేవాణ్ని. ఎవరినీ ఏమీ అడిగేవాణ్ని కాదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే కథ చప్పబడిపోతుంది.

ఓ ఏడాది కొండ ఊళ్లవాళ్ల వేట పండగైన ఇటుకల పండగకు అడవికెళ్లిన కొండ రైతు ఒకతను తిరిగి రాలేదు. మూడోనాడు లోయలో శవం దొరికింది. కాలు జారి పడ్డాడన్నారు. పైన బండ మీద అతని ఆనపబుర్ర, అదే ఎండు సొరకాయ బుర్ర, ఉందట. పొద్దున భార్య రాగిపిండితో కాచి పోసిచ్చిన చోడి అంబలి అందులో నిండుగా అలాగే ఉందట.

పొద్దున్నించీ కొండలెక్కిన మనిషి అంబలి ఎందుకు తాగలేదు? అందులో విషముందని తెలిసిపోయింది కాబట్టి. ఆ ఒక్క ప్రశ్న మీద ఇరవై వారాలు లాగాను. నా కథలో విషం కలిపింది భార్యే, గుట్టు బయటపడ్డాక కొండ మీంచి తోసిందీ ఆమే. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. ఆనపబుర్రను మాత్రం మార్చలేదు. అంత మంచి వస్తువును ఎవడు వదులుకుంటాడు?

అసలు భార్య వారం వారం మా ఆఫీసు ఎదుటి సంతలోనే అంబలి అమ్మేది. మైదానం నుంచి వచ్చి దుకాణాలు పెట్టినవాళ్లే ఆమె బేరం. వాళ్లలో ఓ కిరాణా షావుకారు నా సీరియల్‌ను పైకి చదివి వినిపించేవాడట. వింటున్నంతసేపూ అందరూ ఎదురుగా కూర్చున్న ఆమెనే చూసేవాళ్లట. మూడు సంతలు తిరిగేసరికి ఆమె కుండ దగ్గరికి వచ్చేవాడు లేకుండా పోయాడు.

ఓ సంతరోజు ఆమె నా కౌంటరు దగ్గరికి వచ్చింది.

“కతలో నేనే సంపీసినట్టు రాసినావంట గదా బాబూ?”

“అది కథమ్మా. నీ గురించి కాదు.”

“మరి ఆనపబుర్ర నాదే గదా?”

నేను కవర్ల మీద ముద్రలు కొడుతూ కూర్చున్నాను.

“పండగేటకెల్తే జంతువు పడీదాకా మా ఊరోళ్లు అంబలి ముట్టరు బాబూ. ఆడికి ఏట దొరక్కముందే కాలు జారిపోనాది. నన్నడిగుంటే సెప్పీదాన్ని.”

సిగ్గుపడాల్సింది. ఈ సంగతి ముందే తెలిసుంటే సీరియల్ మూడు వారాలకే ముగిసిపోయేదని మాత్రం అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

“ఆకర్న ఆయమ్మ తప్పు నేదని రాసీ బాబూ” అంది. చివరి భాగం పంపించేశానన్నాను. అది నిజమే. ఎడిటరుకు తంతి కొట్టే మిషను నా పక్కనే ఉందన్నదీ నిజమే. ఆ ముగింపు ఎడిటరుకు బాగా నచ్చింది, తర్వాతి సీరియల్ కూడా నాకే ఇస్తానన్నాడు.

ఆమె కౌంటరు వదిలి వెళ్లలేదు.

“పోనీ, ఓపాలి సంతలోకొచ్చి నా అంబలి తాగీ బాబూ. రాసినోడివి నువ్వే తాగితే ఆళ్లూ తాగుతారు.”

కాదనడానికి సాకు దొరక్క వెళ్లాను. షావుకారు దుకాణంలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. ఇంకో పదిమంది చేరారు. ఆమె సత్తు గ్లాసు కడిగి, నిండా పోసి ఇచ్చింది. నోటి దాకా తీసుకెళ్లాను. పులిసిన వాసన వచ్చింది. అంబలికి ఎప్పుడూ ఉండే వాసనే.

ఆ విషం కల్పించింది నేనే. ఏ వారంలో, ఏ వాక్యంలో కలిపానో కూడా నాకు తెలుసు. అయినా నా చెయ్యి ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, తపాలా సంచి వచ్చే వేళయిందన్నాను.

ఆమె ఆ గ్లాసు తీసుకుని, చివరి చుక్క వరకూ తనే తాగింది. ఆమె తాగడం ఎవరూ చూడలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

పై వారం నుంచి ఆమె సంతకు రాలేదు. ఎక్కడికి వెళ్లిందో నేను ఎవరినీ అడగలేదు.