సందులో రోజా పీకేసిన సిస్టరమ్మ

పక్కింటి సిస్టరమ్మ పోయిందని, నేను పుంగనూరు బడిలో హాజరు పిలుస్తుండగా ఫోనొచ్చింది. ఏడుపుకంటే ముందు విసుగొచ్చింది. నాతో తగువు తెగకుండానే వెళ్లిపోయిందే అని.

ఆమె మదనపల్లెలో నర్సుగా పనిచేసి రిటైరైంది. మా వెనక మూడంతస్తుల ఇల్లు లేచాక, మా ఇంటికీ ప్రహరీగోడకీ మధ్య సందులోకి ఎండ రావడం మానేసింది. అయినా నేను మొండిగా అక్కడ రోజాలే పెట్టేదాన్ని. రెండు చచ్చాయి. మూడోది పెట్టిన వారానికి, సాయంత్రం బడినుంచి వచ్చి చూస్తే, రోజా లేదు. దాని గుంతలో కనకాంబరం మొక్కలున్నాయి.

"నా ఇంట్లో చెట్టు పీకేదానికి మీరెవరు సిస్టరమ్మా?" అని గోడ దగ్గర నిలబడి అరిచాను.

"సంపతాండావు గదా దాన్ని! మా మిద్దెమింద ఎండలో పెట్టుండాను, బతుకుతాది," అంది తాపీగా. "నీడకు నీడలో బతికేటివే పెట్టాల పాపా."

పదిహేను రోజులు మాట్లాడలేదు. ఆమెకు అది పట్టనే లేదు. రోజూ గోడమీదుగా తలపెట్టి, "వేలు పెట్టి సూడు, మట్టి తడిగుంటే నీళ్లు పోయొద్దు," అనేది.

అంతటితో ఆగిందా! నేను కుప్పానికి పెళ్లికి పోతుంటే, "ఆడ మా సెల్లెలింట్లో డిసెంబరు పూల మొక్కలుండాయి, పట్టుకొచ్చెయ్," అంది. పట్టుచీర మీద మట్టి కారుతుంటే, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దారి పొడుగునా తిట్టుకున్నాను.

ఆ ఏడు చలికాలానికి సందంతా నారింజ రంగు, ఊదారంగు. పొద్దున్నే తలుపు తీసి చాలాసేపు చూసేదాన్ని. బాగుందని మాత్రం ఆమెతో ఒక్కసారీ అనలేదు. అంటే గెలిచానని మురుస్తుందని.

పోయే ముందురోజు ఆసుపత్రికి వెళ్లాను. ఆయాసపడుతూనే, "సందులో నీళ్లు నిలబడ్తాండాయా?" అని అడిగింది.

"ముందు మీ ఊపిరి సంగతి చూసుకోండి!" అని కసిరాను.

"నా ఊపిరి డాక్టరు సూసుకుంటాడు. సెట్లకెవురుండారు?"

అప్పుడైనా సందు బాగుందని అనాల్సింది. అనలేదు.

సమాధుల తోటలో మా వీధి టైలరు కనిపించాడు. పూలదండ తేలేదు. పెయింటు డబ్బాలో ఎర్రగా పూసిన బిగోనియా మొక్కను అలాగే మోసుకొచ్చాడు.

"నా కొట్టు ముందర నీడుందని, దీన్ని బలవంతాన పెట్టించింది మేడం. ప్రాణం తీసేసింది. పూలు కోసేదానికి చెయ్యి రాలేదు," అన్నాడు.

"నా ప్రాణమూ అలాగే తీసింది," అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

అక్కడ ఒక్క చెట్టు లేదు, మిట్టమధ్యాహ్నపు ఎండ. ప్రార్థన జరుగుతున్నంతసేపూ టైలరు ఒక పాత సమాధి రాయి పక్కన గొంతుక్కూర్చుని, ఆ రాతి జానెడు నీడ జరిగినప్పుడల్లా ఆ డబ్బాను కొంచెం కొంచెం జరుపుతూనే ఉన్నాడు.