కార్నియాతో బేరం

2009లో నయాపూల్ దగ్గర ఒక కంటి ఆసుపత్రిలో నేను కౌన్సెలర్‌ని. ఆపరేషన్‌లో ఏం చేస్తారో, ఏం చేయలేరో పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. శాలిబండలో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. గిన్నె కోసం వచ్చినవాళ్లకు గంగాళం అంటగట్టే ఇంటి పిల్లను కాబట్టి, ఈ ఉద్యోగం నాకోసమే పుట్టిందని మురిసిపోయేదాన్ని.

నర్సింగ్ నగల్లో రాళ్లు పొదిగేవాడు. పాతికేళ్లుంటాయి. అతనికి కెరటోకోనస్. అంటే కంటి ముందుండే అద్దంలాంటి పొర, కార్నియా, పల్చబడి మొనదేలి ఉబకడం. ఏడాది కిందట క్రాస్‌లింకింగ్ చేశారు. విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి చూపి ఆ పొరను గట్టిపరిచారు. జబ్బు ఆగింది గానీ వంకర అలాగే ఉంది. ఆ వంకరను కాస్త చదును చేయడానికి కొద్దిగా లేజర్ వాడదామన్నారు డాక్టర్ గారు.

"జర ఎక్కువనే కొట్టుమనండి మేడం. అద్దాలే వద్దు నాకు."

"లేజర్ అంటే గీకుడే నర్సింగ్. నీ పొర ముందే పల్చన. ఎక్కువ గీకితే మళ్ల ఉబుకుతది. అప్పుడు వేరేవాళ్ల కార్నియా తెచ్చి కుట్టాలె."

"సగం నంబరన్న తీయరా?"

"గిది నంబరు కోసం గాదు, వంకర కోసం."

"గిదేం దుకాణం? జర గూడ దిగరు!" అంటూ లేచాడు. "దూస్రా జాగల చేయించుకుంట. పాత కాయితాలు చూపెడితే గదా అడ్డం జెప్పేది!"

లేచి వెళ్లే గిరాకీని పిలవకూడదని మా బాపు నేర్పాడు. నాలుగడుగులు వేసి తనే తిరిగొస్తాడట. దర్జాగా కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోతూనే ఉంది. స్కాన్ సరిగా చూడనివాళ్ల చేతిలో పడితే ఆ కన్ను ఏమవుతుందో తలచుకోగానే లేచాను. పరుగెత్తాను.

నయాపూల్ వంతెన మీద దొరికాడు.

"ఏందక్కా, దిగినవా?"

"దిగలే. గంత తొందరేంది నీకు?"

అతను గొంతు తగ్గించాడు. "ఒక్క రాయి మూడు రాళ్లు కనవడ్తది. మొన్న పచ్చను గుంట అనుకొని పక్కన ఖాళీ జాగల పెట్టిన. కిందవడ్డది. సేటు నవ్విండు. మల్ల పడితే నవ్వడు. చెయ్యి మంచిగనే ఉన్నదక్కా, కన్నే అబద్ధం చెప్తున్నది. లేజర్ కొడితే ఒక్కటే కనవడ్తదా?"

"మాటియ్యలేను. అద్దాలు పెడితే ఇప్పటికన్న నయం గావచ్చు. కన్ను నిలవడుడు ముఖ్యం."

"బేరం జేసుడు రాదు నీకు," అన్నాడు. కానీ ఆసుపత్రి వైపే నడిచాడు.

లేజర్ తర్వాత కొన్నాళ్లు నొప్పి, వారాల తరబడి మసక. ఉబ్బు పెరిగిందేమోనని తీసే ప్రతి స్కాన్‌కూ నేను తెర వైపు చూడలేక డాక్టర్ గారి ముఖం చూసేదాన్ని. పెరగలేదు. నెలలు గడిచాక, అద్దాలతో, అతనికి రాయి ఒక్కటైంది. పక్కన సన్నని నీడ మాత్రం మిగిలింది.

"గీ నీడ పోదా?"

"పోదు."

"సరే తీ. ఎటు దిక్కు పడ్తదో ఎరికైంది."

బేరమాడేవాడిది తెలివనుకుంటూ పెరిగాను నేను. మా ఆసుపత్రిలో మాత్రం అది చాలాసార్లు భయం. "ఇంకొంచెం ఎక్కువ తీయరా?" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు వెంటనే జవాబు చెప్పను. ఏం చూడలేకపోతున్నారో ముందు చెప్పమంటాను.