బూట్ల సంచిలో బూట్లు లేవు

మా పిన్ని నన్ను యూటాకి స్కీయింగ్ ట్రిప్‌కి రమ్మని పిలిచినప్పుడు చాలా సంతోషించాను. నా కబుర్లు నచ్చి పిలిచిందనుకున్నాను. ఆ సంతోషం ఫోన్‌లో ఆవిడ రెండో మాట దాకా నిలిచింది.

"నువ్వు చెకిన్ బ్యాగ్ ఏమీ తేవుగా?"

"లేదు పిన్నీ. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు. వీపు సంచి చాలు."

"సంచిలో ఇంకా చోటుంటుందా?"

"ఉంటుంది."

"అయితే రా. బుద్ధిమంతుడివి."

అమెరికాలో తెలుగువాళ్ళ మధ్య విమానం ఎక్కేవాడు మనిషి కాదు, ఖాళీ స్థలం. ఇండియా వెళ్తున్నానని ఎవరైనా నోరు జారితే సాయంత్రానికల్లా గుమ్మం ముందు నలుగురు నిలబడి ఉంటారు, చేతిలో "చిన్న ప్యాకెట్టే" అనే పేరుతో ఇటుక బరువున్న వస్తువులతో. మిషిగన్‌కి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే కారు తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయా లేదా అని చూసే ఉద్యోగంలో చేరిన నేను, మా పిన్ని లెక్కలో ఒక వీపు సంచిని, ఒక ముందు సీటు కింది జాగాని.

పిన్ని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఫార్మసిస్టు. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు ఊరి దగ్గర గుట్ట మీద స్కీ క్లాసులకి వెళ్ళేది. పిన్ని పార్కింగ్ లాట్‌లో కారు హీటర్ వేసుకుని కూర్చునేది. రెండు శీతాకాలాలు అలా కూర్చున్నాక, ఫీజు కడుతున్నది నేనైతే మంచు మీద ఆడుతున్నది అదేమిటని కారు దిగింది. కూతురు కాలేజీకి వెళ్ళి స్కీయింగ్ మానేసింది. తల్లి మానలేదు.

అయితే మా ఊరి గుట్ట ఎక్కడానికి పట్టినంత సేపు దిగడానికి పట్టదు. అందుకే పోయినేడాది స్నేహితురాళ్ళతో కలిసి మొదటిసారి యూటాలో అసలు కొండకి వెళ్ళింది. అక్కడ దిగేసరికి కాళ్ళకి బిగించుకుని జారే పొడుగాటి పలకలు, ఆవిడ స్కీలు, వచ్చాయి, బూట్లు రాలేదు. వేరే విమానంలో వేరే ఊరు చూడటానికి వెళ్ళాయి. అద్దె బూట్లు వేసుకుని కొండ మీదికి వెళ్ళింది. స్కీ బూటంటే చెప్పులాంటిది కాదు, కాలికి వేసిన ప్లాస్టిక్ కట్టు లాంటిది. పిన్ని పాదాలు ముందుభాగంలో వెడల్పు. వేళ్ళు నొక్కుకుపోయి, గోళ్ళు నల్లబడి, కొండపైన నిలబడి అడుగు కదపలేకపోయింది. చివరికి కుర్చీల లిఫ్ట్‌లోనే కూర్చుని కిందికి దిగింది. ఆ లిఫ్ట్‌లో కిందికి ఎవరూ రారు. పైకి వెళ్ళే వాళ్ళంతా ఎదురుగా వస్తూ, ఒంటరిగా దిగుతున్న ఆవిడని చూసి జాలిగా చెయ్యి ఊపారట.

ఇది పిన్నికి జరిగింది. ఏడాది పొడుగునా దీన్ని, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ చెప్పింది మాత్రం బాబాయ్. బాబాయిది వరంగల్, కథ చెప్పడం మొదలుపెడితే పప్పు చల్లారిపోయేదాకా ఆపడు. "కొండ ఎక్కుడు టికెట్టు కొన్నది, దిగుడు ఫ్రీ" అనేది ముగింపు. జనం నవ్వేవారు. పిన్ని కూడా నవ్వేది, గిన్నెలు సర్దుతూ, కొంచెం గట్టిగా చప్పుడు చేస్తూ.

ఆ శీతాకాలమే డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న స్కీ దుకాణాలన్నీ తిరిగి, ఒకతని చేత బూట్లు వేడి చేయించి, పాదానికి తగ్గట్టు సాగదీయించుకుంది. ఆ బూట్లు వేసుకుని వాళ్ళింటి మెట్లు ఎక్కీ దిగీ సాధన చేసేది. ఇప్పుడు అదే కొండకి మళ్ళీ వెళ్తోంది. పైనుంచి కింది దాకా తన కాళ్ళ మీద దిగాలి. దానికి బూట్లు తనతో పాటు దిగాలి.

పిన్ని విమానం కంపెనీ రూల్సు మందుసీసా మీది చిన్న అక్షరాలు చదివినట్టు చదివింది. స్కీల సంచి, బూట్ల సంచి రెండూ కలిపి ఒకే బ్యాగ్ కింద లెక్క. ఇది చదివిన తెలుగువాడి గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పలేను. ఒక దాని ఖరీదుకి రెండు. ఇక రెండో సంచిలో బూట్లు పెట్టి దాన్ని వృథా చేస్తారా ఎవరైనా?

బయలుదేరే రోజు పొద్దున బాబాయ్ మమ్మల్ని కారులో ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళాడు. పిన్ని ఒళ్ళో ఒక భుజం సంచి, అందులో బూట్లు. డిక్కీలో స్కీల సంచీ, బూట్ల సంచీ.

"బూట్లు నీ ఒళ్ళ ఉంటే బూట్ల సంచిల ఏమున్నదే?" అన్నాడు బాబాయ్.

"సామాన్లు."

"ఏం సామాన్లు?"

"రోడ్డు చూసి నడపండి."

ఏం సామాన్లో కౌంటర్ దగ్గర తెలిసింది. అక్కడున్నావిడ చాలా మర్యాదగా, ఈ రెంటిలో స్కీ సామాన్లే ఉన్నాయి కదా అని అడిగింది. ఊరికే అడిగే ప్రశ్న అది. అవునంటే అయిపోయేది. కానీ పిన్ని రోజంతా జనాన్ని "వేరే మందులేమైనా వాడుతున్నారా, నిజం చెప్పండి" అని అడిగే మనిషి. అబద్ధం నోట రాలేదు. నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. కౌంటర్ ఆవిడ సంచి జిప్ తీసింది.

లోపల రైస్ కుక్కర్ ఉంది. మూత తీస్తే నిండా బియ్యం. బియ్యంలో కందిపొడి డబ్బా. ఖాళీ అనేది మా పిన్నికి నచ్చదు.

"ఇది బూట్ల సంచి కదా, బూట్లేవి?" అంది ఆవిడ. పిన్ని భుజానికున్న సంచి చూపించింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. కుక్కర్ తీసి బయట పెట్టి, బూట్లు బూట్ల సంచిలో పెట్టేస్తే సమస్యే లేదని, తను కూడా సాయం చేస్తానని అంది. రూలు ప్రకారం అంతకంటే న్యాయమైన మాట లేదు.

పిన్ని బూట్లున్న భుజం సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుంది. "నో" అంది. అంతే. ఆ గొంతులో పోయినేడాది కొండ మొత్తం వినిపించింది.

"పోనీ కుక్కర్ బాబాయికిచ్చి పంపిద్దామా?" అన్నాను.

"ఆయన వెళ్ళిపోయాడు. ఉన్నా ఇవ్వను. ఇంకో మూడు పాట్‌లక్‌లకి సరిపడా కథ ఇచ్చినట్టు. ఒరేయ్, నీ సంచి తియ్యి."

ఎయిర్‌పోర్ట్ నేల మీద పెట్టె విప్పి సర్దడం మనవాళ్ళకి కొత్త కాదు. దారికి అడ్డం లేకుండా పక్కకి జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, పిన్ని పని మొదలుపెట్టింది. నా వీపు సంచిలో ముందే దూర్చిన ఆవిడ హెల్మెట్, కళ్ళద్దాలు, గ్లవ్స్ బయటికి తీసి బూట్ల సంచిలో పెట్టింది. అవన్నీ స్కీ సామాన్లే, ఇక ఎవరూ ఏమీ అనలేరు. కుక్కర్ నా సంచిలోకి వచ్చింది. నా బట్టలకి చోటు చాల్లేదు.

"వేసుకో" అంది.

"అన్నీనా?"

"ఒంటి మీదున్నది బ్యాగ్‌లో లెక్కకి రాదు. మీ అమ్మ నిన్ను అమెరికా పంపేటప్పుడు ఎన్ని స్వెట్టర్లు వేసి పంపింది?"

నాలుగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాను. చేతులు కిందికి దిగడం మానేశాయి. కౌంటర్ ఆవిడ రెండు సంచులకీ ట్యాగులు కట్టి, ఒకే బ్యాగ్‌గా రాసుకుని, హాయిగా వెళ్ళి రండని చెప్పింది. సెక్యూరిటీ దగ్గర ఒకతను నా సంచి తెరిచి, కుక్కర్ తెరిచి, బియ్యంలో చెయ్యి పెట్టబోయి, కందిపొడి డబ్బా తీసి, చాలాసేపు ఆలోచించి, అన్నీ ఉన్నచోటే పెట్టేశాడు. వాడు పెట్టిన తీరు చూసి పిన్ని తృప్తిపడలేదు. మళ్ళీ సర్దింది.

గేట్ దగ్గర అసలు దెబ్బ తగిలింది. విమానం నిండుగా ఉంది, సీట్ల పైన చోటు అయిపోయింది, చివరగా ఎక్కే గ్రూపుల వాళ్ళ పెద్ద సంచులన్నీ ఉచితంగా విమానం కింది సామాన్ల అరలోకి పంపుతామని మైకులో చెప్పారు. మాది చివరి గ్రూపే. ఉచితం అన్నందుకు అందరూ సంబరపడ్డారు. గేట్ దగ్గరి కుర్రాడు ట్యాగుల కట్ట పట్టుకుని వరసగా సంచులకి కట్టుకుంటూ వస్తున్నాడు. నా సంచి చూసి, ముందు సీటు కింద పడుతుందిలే అని వదిలేశాడు. పిన్ని బూట్లున్న భుజం సంచి చూసి, ఇది పట్టదు మేడమ్ అన్నాడు.

"ఒక్క నిమిషం" అంది పిన్ని.

కుర్చీలో కూర్చుంది. కాళ్ళకున్న షూస్ విప్పి తన చిన్న హ్యాండ్‌బ్యాగ్‌లో కుక్కింది. భుజం సంచిలోంచి స్కీ బూట్లు తీసింది.

"పిన్నీ, వద్దు."

"మాట్లాడకు. నాలుక పట్టుకుని లాగు. నీది కాదు, బూటుది."

చల్లటి స్కీ బూటులోకి కాలు దూరాలంటే ఒకరు తొక్కాలి, ఒకరు లాగాలి. బోరుబావిలోంచి మోటారు లాగుతున్నట్టు ఇద్దరం తంటాలు పడ్డాం. నాలుగు చొక్కాల్లో నాకు చెమటలు పట్టాయి. రెండో కాలు కూడా దూరింది. కొక్కాలు టకటకా పడ్డాయి. పిన్ని ఖాళీ సంచిని మడత మీద మడత పెట్టి, చీర మడత పెట్టినంత నున్నగా చేసి, చంకలో పెట్టుకుని లేచి నిలబడింది. పొడుగు కుర్తా, కింద ఎర్రటి స్కీ బూట్లు. ఒక్కసారిగా నాకంటే పొడుగైంది.

కుర్రాడు ట్యాగుతో తిరిగొచ్చాడు. బ్యాగ్ ఏది మేడమ్ అన్నాడు.

"విచ్ బ్యాగ్?" అంది పిన్ని.

వాడు బూట్లు చూశాడు. ట్యాగు చూశాడు. దాన్ని కట్టడానికి అక్కడ మా పిన్ని తప్ప ఇంకేమీ మిగల్లేదు. కాసేపు రూల్సన్నీ మనసులో వెతుక్కున్నట్టున్నాడు. చివరికి ఆవిడ బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి, జాగ్రత్తగా నడవండి అన్నాడు.

స్కీ బూట్లలో నడక మడమ నుంచి మొదలవుతుంది. ఠక్, ఠక్, ఠక్. విమానం దాకా ఉన్న ఆ సొరంగంలో అది ఏదో సైన్యం వస్తున్నట్టు మోగింది. ముందున్న వాళ్ళు తిరిగి చూసి దారిచ్చారు. సీటు దగ్గరికి చేరాక బూట్లు విప్పి, ఒకటి తన ముందు సీటు కింద, ఇంకోటి నా ముందు సీటు కింద పెట్టింది. దాని పక్కన కుక్కర్ ఉన్న నా సంచిని తొక్కిపెట్టింది. నా కాళ్ళ గురించి ఎవరూ అడగలేదు. యూటా దాకా వాటిని ఒళ్ళో పెట్టుకున్నట్టే కూర్చున్నాను.

సాల్ట్ లేక్ సిటీలో దిగి సామాన్ల బెల్టు దగ్గర నిలబడ్డాం. అందరి స్కీలూ వచ్చాయి. మావి రాలేదు. బెల్టు ఆగిపోయింది. స్కీల సంచీ, బూట్ల సంచీ రెండూ ఇంకా డెట్రాయిట్‌లోనే ఉన్నాయని, రేపు రాత్రికి పంపిస్తామని అక్కడున్నతను చెప్పాడు. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను. ఇంతలో బాబాయ్ ఫోన్ చేశాడు. పిన్ని స్పీకర్‌లో పెట్టింది.

"చేరిన్రా? సామాను అచ్చిందా?"

"రాలేదు" అంది పిన్ని.

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. "గీసారి గూడానా? బూట్లేనా?"

"స్కీలు. బూట్లు నా చేతిలో ఉన్నాయి."

నవ్వు ఆగిపోయింది. "మరి స్కీలు లేకుంట ఎట్లనే?"

"స్కీలు అద్దెకి దొరుకుతాయి. కాళ్ళు దొరకవు" అని ఫోన్ పెట్టేసింది. అప్పటికే అద్దె దుకాణం ఎన్నింటికి తెరుస్తారో ఆ సామాన్లతన్ని అడుగుతోంది.

మర్నాడు పొద్దున దుకాణంలో వాళ్ళు అద్దె స్కీలని ఆవిడ బూట్లకి సరిపడేలా బిగించి ఇచ్చారు. హెల్మెట్ కూడా అద్దెకే. గ్లవ్స్ నావి తీసుకుంది. మధ్యాహ్నం పిల్లలతో కలిసి నాకు మొదటి క్లాసు ఉంది కాబట్టి, అప్పటిదాకా జేబుల్లో చేతులు పెట్టుకుని కొండ కింద నిలబడటం నా పని.

పిన్ని లిఫ్ట్ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. కుర్చీ మంచులోకి వెళ్ళి చిన్నదై, చుక్కై, పోయింది.

వీడియో తియ్యమని చెప్పింది కాబట్టి ఫోన్ పట్టుకున్నాను. అయితే కొండ వైపు చూడలేకపోయాను. నా కళ్ళు లిఫ్ట్ మీదే ఉన్నాయి, పైనుంచి తిరిగి వస్తున్న కుర్చీల మీద. ఒకటి ఖాళీగా వచ్చింది. ఇంకోటి ఖాళీ. మరోటి. పాట్‌లక్‌లో ఆ కథకి అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి నేను. ఇప్పుడు ఖాళీ కుర్చీ వచ్చిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకుంటున్నాను. ఒక కుర్చీలో నల్లటి ఆకారం ఏదో కనబడేసరికి రెండడుగులు ముందుకి వేశాను. దగ్గరికొచ్చాక చూస్తే ఎవరో మరిచిపోయిన జాకెట్టు.

"ఒరేయ్."

వెనక్కి తిరిగాను. వాలు మీంచి పిన్ని వస్తోంది. వేగంగా కాదు. ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి, ఇల్లు అలికినంత ఓపిగ్గా, కొండని ఎక్కడా వదలకుండా తుడుచుకుంటూ వస్తోంది. నడుమెత్తు పిల్లలు ఆవిడ పక్కనుంచి బాణాల్లా దూసుకుపోతున్నారు. ఆవిడ ఎవరినీ పట్టించుకోవడం లేదు. చివరి మలుపు తిప్పి, నా ముందుకు వచ్చి, స్కీలు అడ్డం పెట్టి ఆగింది. ముక్కు ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు. చలిగాలి వల్లే అన్నాను, తనూ అదే అంది.

"పడ్డావా పిన్నీ?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదన్నాగా. వేళ్ళు కూడా నొప్పి లేవు. వీడియో తీశావా?"

"తీశాను."

ఫోన్ లాక్కుని చూసింది. ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీ. జాకెట్టు. చివర్లో నా వేలు. పిన్ని మొత్తం చూసింది. నేను ఎటు చూస్తూ నిలబడ్డానో అర్థమైనట్టుంది. తిడుతుందనుకున్నాను. నా నెత్తి మీద టోపీ సరిచేసి, ఫోన్ తిరిగి చేతిలో పెట్టింది.

"సరే, మళ్ళీ దిగుతా. ఈసారి కొండ వైపు తియ్యి" అని, స్కీలు జార్చుకుంటూ లిఫ్ట్ లైన్‌లోకి వెళ్ళిపోయింది.